బండి మాట్లాడే ముందు

ఖమ్మం

చిరంజీవి బిడ్డకు పెదనాన్న దీవించి రాయునది. కారేపల్లిలో అమ్మ, నాన్న, తమ్ముడు క్షేమమని తలుస్తాను.

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట విన్నప్పటి నుంచి మనసు నిండుగా ఉంది. కార్తీకంలో మీ సంఘం ఆడవాళ్లు ముప్పై మంది కలిసి భద్రాచలం, పర్ణశాల, పాపికొండలు చూసి రావాలని తీర్మానం చేసుకున్నారన్నావు. నెలనెలా పొదుపు కట్టగా మిగిలిన దాంట్లోంచే యాత్ర కోసమని విడిగా దాచుకున్నారన్నావు. పత్తి ఏరి, మిరప కోసి కూడబెట్టిన డబ్బు. వాళ్లలో కొందరు గోదావరిని ఇంతవరకూ కళ్లారా చూడలేదని విని ఆశ్చర్యపోలేదు కానీ బాధపడ్డాను. రెండున్నర గంటల దారిలో నది ఉన్నా, ఇల్లూ చేనూ వదిలి కదలడానికి ఆడమనిషికి నలుగురు తోడు కావాలి, ఒక బండి కావాలి. అందుకే ఈ యాత్ర జరగాలి. మంచిగా జరగాలి.

"నీకు తెలిసిన బండివాళ్లుంటే ఒక మినీ బస్సు మాట్లాడి పెట్టు పెదనాన్నా" అన్నావు. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుంది. కానీ ఈ పని నీ చేత్తోనే జరగాలని నా కోరిక. రేపు మేడారం అంటారు, ఎల్లుండి రామప్ప అంటారు, ప్రతిసారీ నీ మొహమే చూస్తారు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. సంఘం మీటింగులో చదివి వినిపించినా సరే.

బండి మాట్లాడడమంటే కిరాయి బేరం చేయడమని చాలామంది అనుకుంటారు. అది చివర్లో వచ్చే చిన్న పని. ఎన్నింటికి బయల్దేరాలి, ఒక రోజులో ఎన్ని చోట్లు తిరగాలి, ఎక్కడ పడుకోవాలి, ఎన్నింటికి ఇల్లు చేరాలి, ఇవన్నీ చెప్పేది బండి మాట్లాడే మనిషే. అంటే డ్రైవరు ఎంతసేపు నిద్రపోతాడన్నది కూడా ఆ మనిషే తేలుస్తుంది. నేను ఆర్టీసీలో ఉన్నన్నాళ్లూ నా డ్యూటీ చార్టు డిపోలో వేసేవాళ్లు. మీ బండి డ్రైవరుకు చార్టు వేసేది నువ్వు. ఆ రెండు రోజులకూ నువ్వే డిపో అనుకో. నేను ఈ ఉత్తరం రాసేది ముఖ్యంగా ఈ ఒక్క మాట కోసమే.

ముందుగా, మీకు బండి అవసరమా అన్నది చూసుకోండి. భద్రాద్రి రాముడి దర్శనం ఒక్కటే అయితే అక్కర్లేదంటాను. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఇల్లందు మీదుగా కొత్తగూడెం, అక్కడ మారితే పాల్వంచ, సారపాక దాటి భద్రాచలం. ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. ఆ డబ్బుతో అక్కడ మంచి గదులు తీసుకుని కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. మా చిన్నప్పుడు మన ఊళ్లో రైలెక్కి భద్రాచలం రోడ్డు స్టేషన్‌లో దిగేవాళ్లు. పేరుకు భద్రాచలం రోడ్డు, ఉన్నది కొత్తగూడెంలో, గుడి అక్కడికి ఇంకా 40 కిలోమీటర్లు. దూరాల నుంచి వచ్చేవాళ్లు ఇప్పటికీ స్టేషన్ దిగి గుడి ఎటని అడుగుతుంటారు.

కానీ మీ జాబితాలో పర్ణశాల ఉంది, పాపికొండలున్నాయి, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. మూడు బస్సులు మారి, ఆటోల కోసం ఎండలో నిలబడితే వాళ్లకు యాత్ర మీద విరక్తి పుడుతుంది. అందుకని బండే సరైనది. ఆర్టీసీ బస్సు కూడా కిరాయికి ఇస్తారని గుర్తుంచుకో. డిపో మేనేజర్ ఆఫీసుకు వెళ్లి తేదీ, ఊళ్లు, మనుషుల సంఖ్య చెప్తే లెక్క వేసి చెప్తారు. కిరాయికి తీసుకున్న బస్సుకు ఆ ఉచిత టికెట్ వర్తించదు, మొత్తం మనమే కట్టాలి. అయినా ముందు అక్కడ అడిగి, ఆ అంకె చేతిలో పెట్టుకుని ప్రైవేటు బండివాళ్ల దగ్గరికి వెళ్లు. పెళ్లిళ్ల ముహూర్తాలున్నప్పుడు, జాతరలప్పుడు ఆర్టీసీ బస్సు దొరకడం కష్టం.

ఇప్పుడు అసలు సంగతి. మీవాళ్లు ఏమని అనుకున్నారో నువ్వు చెప్పావు. రాత్రి పదింటికి పని ముగించుకుని బయల్దేరడం, తెల్లారేసరికి గోదావరి స్నానం, దర్శనం, పర్ణశాల, అటు నుంచి పాపికొండల పడవ, మళ్లీ రాత్రికి రాత్రే ఇంటికి. ఒక గది అద్దె, ఒక రోజు కూలి మిగులుతాయని వాళ్ల లెక్క. ఆ లెక్కలో స్టీరింగ్ పట్టుకున్న మనిషి లేడు బిడ్డా.

నువ్వే కూడి చూడు. మన ఊరి నుంచి భద్రాచలానికి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. భద్రాచలం నుంచి పర్ణశాల 35 కిలోమీటర్లు, రావడం మళ్లీ అంతే. పాపికొండలకు పడవ ఎక్కేది పోచవరంలో. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు దాటి, వి.ఆర్.పురం మీదుగా వెళ్లాలి, 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడ రోడ్డు హైవే కాదు, మలుపులున్నాయి, పశువులు అడ్డం వస్తాయి. పడవలు పొద్దున్నే బయల్దేరతాయి కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ డ్రైవరును తొందరపెడతారు. ఈ మొత్తం తిరిగి మళ్లీ కారేపల్లి చేరేసరికి ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో సగం రాత్రి గడుస్తుంది. ముప్పై మంది వంతులవారీగా కునుకు తీస్తారు. ఒక్కడు మాత్రం తీయకూడదు.

నిద్ర ఎట్లా వస్తుందో నీకు చెప్పాలి. రాత్రి రెండు దాటాక, తెల్లారుజాము ఐదు లోపల, ఎంత అనుభవమున్న డ్రైవరుకైనా ఒళ్లు మాట వినదు. కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది, మనసు మాత్రం ఉండదు. టీ తాగితే కాసేపు ఆగుతుంది, మొహం మీద నీళ్లు కొట్టుకుంటే ఇంకాసేపు, పాటలు పెట్టుకుంటే మరికాసేపు. నిద్రకు మందు నిద్ర ఒక్కటే. మేం పనిచేసింది 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం కింద. రోజుకు 8 గంటల పని, ఏకబిగిన 5 గంటలకు మించి చేయించకూడదు, ఆపైన కనీసం అరగంట విరామం ఇవ్వాలి అని అందులో రాసి ఉండేది. ఐరోపా దేశాల్లో కోచ్ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగి తీరాలి. ఎంతసేపు నడిపాడో, ఎంతసేపు ఆగాడో బండిలోనే ఒక పరికరం రాసిపెడుతుంది, దాన్ని టాకోగ్రాఫ్ అంటారు. మన కిరాయి బండ్లలో ఆ లెక్క రాసేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఆ లెక్క నువ్వు రాయి.

ఇంకో సంగతి. కార్తీకంలో పెళ్లిళ్లు కూడా ఉంటాయి. మీ ఇంటి ముందు ఉదయం వచ్చి ఆగిన బండి, ముందు రోజు రాత్రంతా పెళ్లివారిని మోసి, ఒళ్లు కడుక్కుని వచ్చిన బండి కావచ్చు. బండిని కడిగితే తళతళలాడుతుంది, డ్రైవరు అట్లా కాదు. కాబట్టి బండి మాట్లాడేటప్పుడే ఓనరును సూటిగా అడుగు: "ముందు రోజు రాత్రి ఈ డ్రైవరు ఎక్కడ ఉంటాడు?" తడబడితే ఇంకో బండి చూసుకో. బయల్దేరే ముందు డ్రైవరునే పక్కకు పిలిచి, "అన్నా, రాత్రి నిద్రపోయావా?" అని అడుగు. ఆ ప్రశ్న అతన్ని జీవితంలో ఎవరూ అడిగి ఉండరు. నిజమే చెప్తాడు. పోలేదంటే, అందరూ ఎక్కి కూర్చున్నా సరే, అతన్ని రెండు గంటలు పడుకోబెట్టాకే కదలండి. తిట్లు పడితే నువ్వు పడు.

నేనైతే ఇట్లా వేస్తాను చార్టు. మొదటి రోజు పొద్దున ఆరింటికి కారేపల్లిలో బయల్దేరాలి. టిఫిన్ కొత్తగూడెంలో. మధ్యాహ్నంలోపు భద్రాచలంలో స్నానం, దర్శనం, భోజనం. ఎండ తగ్గాక పర్ణశాల చూసి చీకటి పడకముందే వెనక్కి రావాలి. రాత్రి భద్రాచలంలో బస. డ్రైవరుకు మీతో పాటే భోజనం, పడుకోవడానికి మంచం, ఫ్యాను. బండిలో సీట్ల మీద దోమల్లో పడుకోమనొద్దు. ఒక గది ఖర్చు ముప్పై మందికి పంచితే ఎంత పడుతుందో చూడు, ఎవరూ కాదనరు. రెండో రోజు వెలుగొచ్చాక పోచవరం. మీరు పడవలో ఉన్నంతసేపు డ్రైవరు ఒడ్డున నిద్రపోవాలి. చాలామంది మర్యాద కొద్దీ డ్రైవరుకు కూడా టికెట్ కొని పడవెక్కిస్తారు. మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఆ రోజు పగలు అతనికి దొరికే విశ్రాంతి ఆ నాలుగైదు గంటలే. తిరుగు దారిలో మిమ్మల్ని మోసేది ఆ నిద్రే. పడవ టికెట్ డబ్బు అతని చేతిలో పెట్టి, "నువ్వు పడుకో అన్నా" అని చెప్పు. తిరుగు ప్రయాణంలో ఎక్కడా గుడి, చెరువు, బంధువుల ఇల్లు అని కొత్తవి కలపొద్దు. కిన్నెరసాని చూడాలన్నా ఇంకోసారి వెళ్లొచ్చు.

ఇక ఏ బండి అన్నది. ముప్పై మంది అంటున్నావు, పిల్లలను లెక్కపెట్టావా? ఒళ్లో కూర్చుంటారు లే అనొద్దు, ప్రతి పిల్లకూ ఒక సీటు అనుకుని లెక్కపెట్టు. రెండు టెంపో ట్రావెలర్లు తీసుకోవచ్చు, లేదా ఒక బస్సు. నా ఓటు ఒక బస్సుకే. రెండు బండ్లయితే ఇద్దరు డ్రైవర్లు, ఒకరిని ఒకరు దాటుకోవాలనే ఉబలాటం, దారి తప్పడాలు, ఒకరి కోసం ఒకరు ఆగడాలు. సీట్లు ఎన్నో ఆర్‌సీలో రాసి ఉంటుంది, అందులో డ్రైవరు సీటు కూడా కలిసే ఉంటుందని మరిచిపోకు. ఆ సంఖ్యకు మించి ఎక్కితే, జరగరానిది జరిగినప్పుడు బీమా కూడా ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. కొండగట్టు ఘాట్‌లో 2018 సెప్టెంబరు 11న లోయలో పడ్డ బస్సులో వంద మంది దాకా ఉన్నారు. అరవై మందికి పైగా పోయారు. అది మా ఆర్టీసీ బస్సే. ఆ వార్త విన్న రోజు మా డిపోలో పనిచేసిన వాళ్లెవరం అన్నం తినలేకపోయాం. మధ్యలో స్టూళ్లు వేస్తాం, బానెట్ మీద నలుగురు కూర్చుంటారు అని ఎవరన్నా అంటే, ఆ మాట ఓనరు అన్నా సరే, మీ సంఘం అధ్యక్షురాలు అన్నా సరే, ఒప్పుకోకు.

నంబరు ప్లేటు చూడు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయికి నడిపే బండి. తెల్ల ప్లేటుంటే సొంతానికి కొనుక్కున్న బండి, అది కిరాయికి రాకూడదు. తక్కువకు వస్తుంది కదా అని ఎక్కితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పక్కకు తప్పుకోవడానికి దారి చూపించినట్టే. స్కూలు బస్సులు కూడా సెలవుల్లో చవగ్గా ఇస్తామంటారు. వాటికి పర్మిటు ఇచ్చింది పిల్లలను బడికి చేర్చడానికి, యాత్రలకు కాదు. ఇక డీసీఎం, ట్రాలీ ఆటో, ట్రాక్టరు. మన దిక్కు జాతరలకు, పెళ్లిళ్లకు వీటిల్లోనే పోవడం చూస్తూ పెరిగావు నువ్వు. అవి సరకు మోసే బండ్లు. సరకు బండిలో ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ఇల్లు గడవడానికి కూలి చేసే మనిషి పోతే ఆ ఇంటికి బీమా పరిహారం కూడా రాదన్నమాట. పేదవాళ్లే వాటిల్లో ఎక్కుతారు, పేదవాళ్లకే ఏమీ రాదు. నాకు దీని మీద ఉన్న కోపం ఇన్నేళ్లయినా తగ్గలేదు.

కాగితాలు అడగడానికి మొహమాటపడకు. ఓనరు బండి నంబరు చెప్పగానే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడు. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, బీమా ఉందా, బండి ఏ రకం కింద రిజిస్టరు అయింది, అన్నీ కనిపిస్తాయి. కిరాయి బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పర్మిటు సంగతి మీ యాత్రకు మరీ ముఖ్యం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. కూనవరం, వి.ఆర్.పురం, పోచవరం అన్నీ అటువైపే. పర్ణశాల తెలంగాణలోదే అయినా అక్కడికి పోయే దారిలో ఎటపాక వైపు ఆంధ్ర ఊళ్లు తగులుతాయి. మనకు ఒకే గోదావరి, ఒకే రాముడు. పర్మిటు దగ్గర మాత్రం రెండు రాష్ట్రాలు. కాబట్టి బండికి ఆలిండియా టూరిస్టు పర్మిటు ఉందా, లేకపోతే ఆంధ్రకు తాత్కాలిక పర్మిటు తీస్తారా, ఆ ఖర్చు ఎవరిది, ఇది ముందే తేల్చుకో. పర్మిటు లేదని దారిలో ఆపేస్తే ముప్పై మంది ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. ఎక్కేవాళ్ల పేర్లు, వయసులు రాసిన జాబితా రెండు కాపీలు చేసి ఒకటి డ్రైవరుకు ఇవ్వు. కిరాయి బండిలో ఆ జాబితా ఉండాలి. దారిలో చెయ్యెత్తిన వాళ్లను ఎక్కించుకోకూడదు, అది కాంట్రాక్టు బండి.

బండిని పగటిపూట చూడాలి, ఫోటోలో కాదు. టైర్లు గుండుగా అరిగాయా, స్టెప్నీ ఉందా, వైపర్లు ఆడుతున్నాయా, మంటలార్పే సిలిండరు ఉందా, అది ఎప్పటిది? వెనకో పక్కనో అత్యవసర ద్వారం ఉంటుంది, దాన్ని నీ చేత్తో తెరిచి చూడు. చాలా బండ్లలో దానికి అడ్డంగా ఒక సీటు బిగించి ఉంటుంది, లేదా తుప్పుపట్టి కదలదు. తెరుచుకోకపోతే ఆ బండి వద్దు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర కల్వర్టుకు గుద్దుకుని కాలిపోయిన బస్సులో 45 మంది పోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24న, అదే హైదరాబాద్-బెంగళూరు దారిలో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మరో బస్సు కాలింది. మంట అంటుకున్న బస్సులోంచి బయటపడడానికి దొరికేది నిమిషాలే. తలుపు ఎటుందో, అద్దం దేనితో పగలగొట్టాలో ముందే తెలిసినవాళ్లు బతుకుతారు. బయల్దేరే ముందు అందరికీ ఆ ద్వారం చూపించు. సిగ్గుపడాల్సిన పని కాదు, విమానాల్లో ప్రతిసారీ చేసేదే.

వంట సామాను సంగతి కూడా ఇక్కడే చెప్తాను. వనభోజనాలంటే మనవాళ్లు గ్యాస్ సిలిండరు, పొయ్యి, గిన్నెలు అన్నీ బస్సులో వేసుకుంటారు. వద్దు. మన మండలంలోనే చీమలపాడులో 2023 ఏప్రిల్ 12న గుడిసె అంటుకుని సిలిండరు పేలినప్పుడు ఎంత ఘోరం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. అదే కదులుతున్న బస్సులో అయితే ఊహించుకో. మొదటి పూటకు పులిహోర, దద్దోజనం, సకినాలు కట్టుకోండి. మిగతా పూటలు హోటల్లో తినండి. ఏడాదంతా పొయ్యి ముందు నిలబడే ఆడవాళ్లు ఈ రెండు రోజులన్నా నిలబడకుండా ఉంటే నాకు సంతోషం.

కిరాయి గురించి. ఇది రెండు రకాలుగా మాట్లాడతారు: రోజుకింత కిరాయి, డీజిల్ మనది అని ఒకటి, కిలోమీటరుకింత, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు అని రెండోది. రెండో పద్ధతే నాకు నచ్చుతుంది, దాచుకోవడానికి ఏమీ ఉండదు. కాకపోతే కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్క అని అడుగు. బండి ఖమ్మంలోదైతే షెడ్డు నుంచి కారేపల్లికి ఖాళీగా వచ్చేదీ, తిరిగి పోయేదీ కూడా మీ ఖాతాలోనే పడుతుంది. అందుకే ఇల్లందు, కారేపల్లి బండ్లు ముందు చూడు. డ్రైవరు బత్తా, రాత్రి బస, టోలు, పార్కింగు, ఆంధ్ర పర్మిటు, ఇవి కిరాయిలో కలిసి ఉన్నాయా, విడిగానా? బండి దారిలో ఆగిపోతే ఇంకో బండి ఎంతసేపట్లో పంపుతారు? అన్నీ తెల్ల కాగితం మీద రాసి, బండి నంబరు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. మాట్లాడేవాడు ఓనరా, బ్రోకరా తెలుసుకో. "చూపించిన నంబరే రావాలి, వేరే బండి వస్తే ఎక్కం" అని రాయించు. బయానా కొద్దిగా ఇచ్చి, మిగతాది యాత్ర అయ్యాక ఇవ్వండి.

బేరం చేయి, తప్పులేదు. కానీ ఒక హద్దు ఉంది. ఒక్క బండి మీద బతికే ఓనర్లను నేను చాలామందిని చూశాను. నెల వాయిదా, మూణ్నెల్ల టాక్సు, ఏడాది బీమా, ఫిట్‌నెస్, టైర్లు. వానాకాలమంతా బండి షెడ్డులో ఉంటుంది. సీజనులో నాలుగు ట్రిప్పులు ఎక్కువ తిరిగితేనే బాకీ తీరుతుంది. అతన్ని మరీ కిందికి లాగితే అతను ఎక్కడ మిగుల్చుకుంటాడు? టైరు మార్చడం వాయిదా వేస్తాడు, రెండో డ్రైవరును మానేస్తాడు, వచ్చిన రాత్రే ఇంకో ట్రిప్పు ఒప్పుకుంటాడు. మీరు తగ్గించిన రెండు వేలు అతని జేబులోంచి పోవు, డ్రైవరు నిద్రలోంచి పోతాయి. మిగతా దేని మీదైనా బేరమాడు, దాని మీద ఆడకు.

పడవ గురించి కూడా రెండు మాటలు. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉన్నప్పుడు రాయల్ వశిష్ట బోటు మునిగింది. యాభై మంది దాకా పోయారు. వరంగల్ కడిపికొండ నుంచి ఇట్లాగే కలిసి, సరదాగా బయల్దేరిన బృందం కూడా అందులో ఉంది. అందుకని పడవవాళ్లు ఆ రోజు వెళ్లట్లేదంటే వాదించొద్దు, డబ్బు వెనక్కి తీసుకుని కూనవరం సంగమం చూసి రండి. లైఫ్ జాకెట్ ఎక్కేటప్పుడు వేసుకుని దిగాకే తీయాలి. ఫోటో బాగా రాదని ఒక్కరూ తీయకూడదు, ముందు నువ్వు.

ఆడవాళ్ల ప్రయాణంలో అందరూ మరిచేది బాత్రూము. మొహమాటానికి డ్రైవరుతో చెప్పరు, నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, నీరసం. ఆగే చోట్లు ముందే రాసి డ్రైవరుకు ఇచ్చేయి: ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ బస్టాండ్లు, ఆపైన పెద్ద పెట్రోలు బంకులు. పాల్వంచ దాటాక అడవి దారి, మధ్యలో పెద్దగా ఏమీ దొరకవు. కూనవరం దారిలో ఇంకా కష్టం. గంటన్నరకోసారి ఎవరూ అడగకపోయినా ఆపమను. అది డ్రైవరుకు కూడా విరామమే. కడుపులో తిప్పేవాళ్లను ముందు వైపు కూర్చోబెట్టు, వెనక సీటు కుదుపులకు గట్టి వయసు వాళ్లను పంపు. ఎక్కిన ప్రతిసారీ ముప్పై తలలు లెక్కపెట్టడం కంటే అందరినీ జంటలు చేసి, "నా జంట ఉంది" అని ఎవరికి వాళ్లు చెప్పేలా పెట్టు. స్కూలు పిల్లల ట్రిప్పుల్లో టీచర్లు అట్లా చేసేవాళ్లు, ఎవరూ గుడి దగ్గర తప్పిపోలేదు.

డ్రైవరు ఫోన్‌లో మాట్లాడుతూ నడిపినా, తాగిన వాసన వచ్చినా వెంటనే ఆపించు. పక్క సీటులో నిద్రపోని మనిషిని ఒకరిని కూర్చోబెట్టు. ఆ సీటు నీదే అనుకుంటున్నాను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు కారేపల్లి వస్తాను. ఇల్లందులో రెండు బండ్లు చూద్దాం. మాట్లాడేది నువ్వు, నేను వెనక నిలబడి టైర్లు చూస్తాను. ఈలోపు పేర్ల జాబితా, పిల్లలతో సహా, రాసి ఉంచు. నాన్నకు చెప్పు, పెద్దమ్మ మామిడి తొక్కు పంపుతోంది.

ఇట్లు,
మీ పెదనాన్న